గంటకు నాలుగు మైళ్ళ స్వేచ్ఛ

ఇళ్ళ కొరత వస్తే ఏ ప్రభుత్వమైనా ఇళ్ళు కడుతుంది. కట్టలేకపోతే కడతామని శంకుస్థాపన రాయి వేస్తుంది. ఇంగ్లండు ఈ రెండూ కాకుండా మూడో దారి పట్టింది. ఇల్లు కొనలేని మనిషిని కాలువలోకి దింపి, వాడి ఇక్కట్లకు ‘జీవనశైలి’ అని పేరు పెట్టింది. లండన్‌లో ఒంటిగది అద్దె భరించలేక ఏడడుగుల వెడల్పు ఇనప పెట్టెలో కాపురం పెట్టినవాణ్ణి చూసి, గట్టు మీద షికారు పోయేవాళ్ళు “అదృష్టవంతుడివయ్యా, హాయిగా స్వేచ్ఛగా బతుకుతున్నావు” అంటారు. వాడు నవ్వుతాడు. ఆ నవ్వు మర్యాదకి. లోపల నీళ్ళ ట్యాంకు ఎండిపోయి రెండు రోజులైంది.

ముందు ఆ ఏడడుగుల సంగతి చూడాలి. 1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ తవ్వకం మొదలుపెట్టిన జేమ్స్ బ్రిండ్లీ మహాశయుడు, లాకులు వెడల్పుగా కడితే నీళ్ళూ దండగ, డబ్బూ దండగ అని లెక్కగట్టి ఏడడుగులతో సరిపెట్టాడు. ఆ లాకులో పట్టాలి కనుక పడవ ఆరడుగుల పది అంగుళాలు దాటడానికి వీల్లేదు. కొలత తీసింది మనుషుల కోసం కాదు. బొగ్గు కోసం, స్టాఫర్డ్‌షైర్ పింగాణీ కోసం, ఆ పింగాణీకి కావలసిన మట్టి కోసం. బొగ్గు కాళ్ళు చాపుకోదు. బొగ్గుకి స్నానాల గది అక్కర్లేదు. అర్ధరాత్రి లేచి మంచినీళ్ళ కోసం పక్కనున్న బొగ్గు మీంచి దాటిపోదు. రెండున్నర శతాబ్దాల తర్వాత అదే కొలతలో మంచం, వంటగట్టు, బొగ్గు పొయ్యి, బట్టలుతికే యంత్రం, ఆలుమగలు, చాలాసార్లు ఒక కుక్క. తా దూర కంత లేదు, మెడకో డోలు. పొడవులోనైనా సుఖపడదామంటే, ఉత్తరాన కొన్ని లాకులు పొట్టివి. దేశమంతా తిరగాలంటే 57 అడుగులు మించకపోతేనే మంచిదని అనుభవజ్ఞుల సలహా.

ఇంత ఇరుకుని ఇంత అందంగా అమ్మగలిగినవాళ్ళకు మాత్రం దండం పెట్టాలి. టిమోతీ వెస్ట్, ప్రూనెల్లా స్కేల్స్ అనే నట దంపతులు 2014 నుంచి కొన్నేళ్ళపాటు ‘గ్రేట్ కెనాల్ జర్నీస్’ అని టీవీలో పడవ ప్రయాణాలు చేశారు. పెద్ద వయసు, ఆవిడకు మతిమరుపు జబ్బు, ఆయనకు ఆవిడంటే ప్రాణం. మనసున్న కార్యక్రమం అది, దాన్నేమీ అనను. దాని వెనకాల యూట్యూబ్‌లో పుట్టుకొచ్చిన పడవల దండుతోనే నా తగువు. ప్రతి వీడియోలోనూ ఎండ కాస్తూనే ఉంటుంది. ఇంగ్లండులో! పడవ పైకప్పు మీద పూలకుండీ, దాని పక్కన రోజాలూ కోటలూ బొమ్మలేసిన నీళ్ళ బిందె, చుక్కాని పట్టుకున్న చేతిలోనే టీ కప్పు. ‘పరుగు ఆపండి, నెమ్మదించండి’ అని ఉపదేశం. నెమ్మదించడానికి ఉపదేశం దేనికి? గంటకు 4 మైళ్ళు మించకూడదని కాలువ మీద రూలే ఉంది. గట్టుకి కట్టేసిన పడవల పక్క నుంచి పోయేటప్పుడు ఇంకా తగ్గించాలి. తగ్గించకపోతే ఒక్కో కిటికీలోంచి ఒక్కో తల బయటికొచ్చి ‘నెమ్మది, నెమ్మది’ అని కేకలేస్తుంది. ఈలోగా గట్టు మీద కుక్కను తిప్పుతున్న ముసలమ్మ మిమ్మల్ని దాటి వెళ్ళిపోతుంది. కొత్త పడవ చేయించుకోవాలంటే లక్ష పౌండ్లు తేలిగ్గా దాటుతుంది. బ్యాంకువాడు దాన్ని ఇల్లని ఒప్పుకోడు, ఇంటిరుణం ఇవ్వడు. ముసలమ్మ చేత దాటించుకోవడానికి సొంత సొమ్ము లక్ష.

ఇంగ్లీషువాళ్ళు ఇద్దరు కలిస్తే వాతావరణం గురించి మాట్లాడుకుంటారని ప్రతీతి. కాలువ మీద అది చెల్లదు. అక్కడ ఇద్దరు కలిస్తే మూడో నిమిషంలో మాట మరుగుదొడ్డి మీదికి పోతుంది. ఈ విషయంలో మూడు మతాలున్నాయి. ఒకటి కేసెట్ మతం: దొడ్డి కింద దాదాపు 20 లీటర్ల ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది, నిండగానే మోసుకుపోయి పారబోసి రావాలి. రెండోది పంపౌట్ మతం: పడవ అడుగున పెద్ద ట్యాంకు, డబ్బిచ్చి యంత్రంతో లాగించుకోవాలి. లాగించుకోవాలంటే పడవ యంత్రం దాకా పోగలగాలి, యంత్రం పనిచేస్తూ ఉండాలి, కాలువ గడ్డకట్టకుండా ఉండాలి. మూడూ ఒకే రోజు కుదిరితే వాళ్ళింట పండగ. మూడోది కంపోస్టు మతం: ఘనం వేరు, ద్రవం వేరు, పైన కొబ్బరిపీచు పొడి, మనసుకి ప్రకృతిని కాపాడామన్న శాంతి. ఈ మతస్థులు తమ ప్రకృతి సేవను సంచుల్లో కట్టి కాలువగట్టు చెత్తకుండీల్లో వేస్తుంటే, 2021లో అది కుదరదని ఆపించారు. అప్పట్నుంచి చాలామంది దాన్ని పడవలోనే డబ్బాల్లో మాగబెట్టుకుంటున్నారు. శైవులూ వైష్ణవులూ అయినా ఎప్పుడో ఒకప్పుడు రాజీపడ్డారేమో గానీ, ఈ ముగ్గురూ పడరు.

కేసెట్ మతస్థుడి పొద్దు ఎలా మొదలవుతుందో కాస్త దగ్గరగా చూడండి. ఉదయం ఏడు. మంచు. పెట్టె నిండిందని ఎర్ర గుర్తు రాత్రే చెప్పింది, ‘రేపు చూద్దాం’ అన్నాడు. ఇప్పుడు రేపు వచ్చింది. పెట్టెను చక్రాల బండికి తాడుతో బిగించి గట్టెక్కాడు. పారబోసే చోటు ముప్పావు మైలు. దారి పొడుగునా జాగింగ్ చేసే బ్యాంకు ఉద్యోగులు, ప్రాములు తోసుకొచ్చే తల్లులు, వాసన పట్టిన కుక్కలు. కుక్కలకు మాత్రమే నిజం తెలుసు. ప్రతి గతుకు దగ్గరా లోపల్నుంచి ఒక చప్పుడు. మనవాడు ప్రయాణానికి పోతున్న పెద్దమనిషిలా ముఖం పెట్టి నడుస్తాడు. చేరేసరికి గది తలుపుకి కాగితం: ‘మరమ్మతులో ఉంది. దగ్గర్లోని మరో చోటు 5 మైళ్ళు.’ పడవకి అది గంటా పావు ప్రయాణం, మధ్యలో లాకులుంటే పూట. స్వేచ్ఛకి అన్ని దిక్కులూ తెరిచే ఉంటాయంటారు గానీ, కేసెట్ నిండాక ఒక్కటే దిక్కు.

దొడ్డి ఒక్కటే అయితే అదృష్టం. నీళ్ళు కావాలంటే కుళాయి ఉన్న గట్టుకి పోయి, గొట్టం పెట్టి, గంటసేపు నిలబడాలి. కరెంటుకి పైకప్పు మీద సౌరఫలకాలుంటాయి. అవి జూన్‌లో చక్కగా పనిచేస్తాయి, డిసెంబరులో ఆకాశంతోపాటు దిగులుపడతాయి. ఇంజను తిప్పి బ్యాటరీలు నింపుకోవచ్చు గానీ, కట్టేసిన పడవలో రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా తిప్పకూడదు. అంటే చీకటి పడ్డాక దీపం కావాల్సినవాడు చీకటి పడకముందే ఇంటికి రావాలి. రావాలంటే ఉద్యోగం మానాలి. పొయ్యి రాజేస్తే తలకి ఉక్క, కాళ్ళకి చలి, కిటికీల వెంట ధార. రాజెయ్యకపోతే అన్నిటికీ చలి. పొగగొట్టం సరిగా లేకపోతే రాత్రికి రాత్రే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, అందుకే ప్రతి పడవలో దానికో అలారం. ఈ ఒక్క మాటలో వెటకారం లేదు.

ఇక చట్టం. పడవకి సొంతంగా కట్టుకునే చోటు లేనివాడు 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం చిత్తశుద్ధితో ప్రయాణం చేస్తూనే ఉండాలి. ఒకే చోట 14 రోజులు మించి ఉండకూడదు. అంతకంటే ఎక్కువ ఉండటం సబబైతే తప్ప. ‘సబబు’ అంటే ఏమిటో చట్టానికి తెలుసు గానీ చెప్పదు. ఎంత దూరం పోవాలో అసలే చెప్పదు. ఇంగ్లండు, వేల్స్ కాలువల్ని 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ చూస్తోంది. సుమారు 2,000 మైళ్ళ నీటిదారి, 30 వేలకు పైగా పడవలు. పడవవాడికీ ఈ ఏర్పాటుకీ మధ్య సంభాషణ జరిగితే ఇలా ఉంటుంది:

“అయ్యా, పద్నాలుగు రోజులైంది. ఎంత దూరం పోవాలి?”

“దూరం చట్టంలో లేదు.”

“అయితే ఆ చెట్టు కిందికి జరుపుకుంటాను.”

“అది ప్రయాణం కాదు.”

“పది మైళ్ళు పోతే?”

“ఎంత పోయావన్నది కాదు, ఏ ఉద్దేశంతో పోయావన్నది చూస్తాం.”

“ఏడాదికి ఇన్ని మైళ్ళని చెప్పండి, లెక్కపెట్టుకుని పోతాను.”

“ఏడాదంతా 15, 20 మైళ్ళ మేరలోనే తిరిగితే మాకు నమ్మకం కుదరడం కష్టం. అది దాటితే కుదురుతుందని మాత్రం మేం అనలేదు.”

“పిల్లది బడికి పోతోందండీ.”

“బడి కదలదు, పడవ కదలాలి.”

ఈ ముక్కలు నేను కల్పించినవే గానీ, వాటి వెనకున్న తర్కం నా కల్పన కాదు. గట్టు మీద ఉద్యోగి ఒకరు నడుచుకుంటూ పడవ నంబర్లు ఎక్కించుకుపోతుంటారు. చిత్తశుద్ధి లోపించిందని తేలితే ముందు ఉత్తరాలు, తర్వాత లైసెన్సు కత్తిరింపు, చివరికి 1983 చట్టంలోని సెక్షన్ 8 కింద పడవ స్వాధీనం. కాలువ మీద ‘సెక్షన్ ఎయిట్’ అంటే చాలు, కబుర్లు ఆగిపోతాయి. ఇల్లు జప్తు కావడమంటే ఇదే. అయితే అది ఇల్లు కాదని ముందే చెప్పారుగా!

పోనీ, సొంతచోటు కొనుక్కోవచ్చుగా అంటారు. లండన్‌లో నివాసానికి అనుమతి ఉన్న గట్టు దొరకడం గగనం, దొరికితే ధర నేల మీది ఇంటికేమీ తీసిపోదు. చోటు దొరక్క తిరుగుతున్నవాడి మీద 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సులో అదనపు రుసుము వేశారు, ఏటేటా పెరిగేలా. చోటు లేదు గనుక తిరుగు. తిరుగుతున్నావు గనుక ఎక్కువ కట్టు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. 2022–23 చలికాలంలో కరెంటు, గ్యాసు ధరలు మండిపోతే ప్రభుత్వం ఇంటింటికీ 400 పౌండ్లు ఇచ్చింది. స్థిర చిరునామా లేని పడవవాసులు ఆ పథకం రాసేటప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. ఓటుకి, డాక్టరుకి, బ్యాంకుకి చిరునామా అడిగిన ప్రతి కౌంటరులోనూ వాడిదే మాట: “పోయిన వారం ఫలానా వంతెన దగ్గర ఉన్నానండీ.” లైసెన్సు బిల్లు మాత్రం ఎలాగో దారి తెలుసుకుని వచ్చేస్తుంది.

పడవ కాపురాల మీద ఈ దేశపు ప్రేమ కొత్తదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో సరుకు మోసే పడవల్లో, పది అడుగుల వెనక గదిలో, మొగుడూ పెళ్ళాం, వాళ్ళ సంతానం మొత్తం బతికేవాళ్ళు. సరుక్కి మిగతా పడవంతా. అప్పుడు దాన్ని జీవనశైలి అనలేదు, మురికి అన్నారు. జార్జ్ స్మిత్ అనే సంస్కర్త పోరగా 1877లో చట్టం వచ్చి, ఒక్కో గదిలో ఎందరుండవచ్చో లెక్కపెట్టింది. రైళ్ళూ లారీలూ వచ్చాయి, 1962–63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టాయి, ఆ దెబ్బతో మిగిలిన కొద్ది సరుకు రవాణా కూడా చచ్చింది. ఇప్పుడు ఆ పదడుగుల గదిని ఇత్తడి గుబ్బలతో, రోజా పూలతో అచ్చం పాతకాలంలా చేయించుకోవడానికి ఎదురు డబ్బిస్తారు. పేదవాడు ఉంటే ఇరుకు, డబ్బున్నవాడు ఉంటే వారసత్వ సంపద.

లండన్‌లో కాలువ పక్కన లేచిన అపార్టుమెంట్ల కరపత్రాలు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. బొమ్మలో బాల్కనీ, బాల్కనీలో వైన్ గ్లాసు, కింద నీళ్ళ మీద రంగురంగుల పడవ. ‘నీటి అందాలు మీ కిటికీలో’ అని ధర పెంచుతారు. కొన్నవాళ్ళు చేరిన మొదటి నవంబరులోనే కౌన్సిలుకి ఫిర్యాదు: కింద పడవల్లోంచి కట్టెల పొగ వస్తోంది, ఇంజను మోత వినిపిస్తోంది. అందానికి చలి వేస్తుందని వాళ్ళకెవరూ చెప్పలేదు పాపం. బొమ్మలోని పడవకి పొగగొట్టం లేదు.

లాకుల దగ్గరకొద్దాం. విల్ట్‌షైర్‌లో డివైజెస్ ఊరి దగ్గర రెండు మైళ్ళలో 29 లాకులున్నాయి, 237 అడుగులు ఎక్కాలి. అందులో 16 కేన్ హిల్ కొండవాలు మీద వరసగా పైకి చూస్తూ నిలబడతాయి. ధవళేశ్వరం, విజ్జేశ్వరం లాకులు చూసిన గోదావరి జిల్లాలవాళ్ళకు ఇదెలా పనిచేస్తుందో చెప్పక్కర్లేదు. కాటన్ దొర ఆనకట్ట కట్టింది పొలాలకే అయినా, తవ్విన కాలువల్లో ధాన్యం పడవలు కూడా నడిచాయి. కాకపోతే మన దగ్గర లాకు తలుపులు తియ్యడానికి లస్కర్లుండేవారు. అక్కడ చాలాచోట్ల లైసెన్సు కట్టినవాడే లస్కరు. ఇనప హ్యాండిలు పట్టుకుని తూము తలుపులు తిప్పాలి, టన్నుల బరువు తలుపుని వీపుతో దూలానికి ఆనుకుని నెట్టాలి. ఆలుమగల్లో ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు గట్టు మీద. మధ్యలో జరిగే మాటలు వీడియోలో ఉండవు, సంగీతం ఉంటుంది. నీళ్ళు దిగుతున్నప్పుడు పడవ వెనక భాగం పై తలుపు కిందుండే రాతిగడప మీద చిక్కుకుందంటే ముక్కు కిందికి వాలి, నిమిషాల్లో మునుగుతుంది. అందుకే ఆ గడప ఎంతదాకా ఉందో గోడ మీద తెల్లగీత గీసి చెబుతారు. టీ కప్పు పట్టుకుని ఆకాశం చూసేవాడికి గీత కనబడదు.

ఇంజను చప్పుడు మారి పడవ ఈడ్చుకుంటూ నడిస్తే, ప్రొపెల్లరుకి ఏదో చుట్టుకుందన్నమాట. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, వెనక భాగంలో ఒక మూత విప్పి, బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి ఆ నల్లనీళ్ళలో పెట్టి తడమాలి. జనవరిలో రెండు నిమిషాల్లో వేళ్ళు మనవి కాకుండా పోతాయి. దొరికేవి ప్లాస్టిక్ సంచులు, తాళ్ళు, పరుపు స్ప్రింగులు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళలో చీరలు. ఏ తల్లికి సమర్పించిందో, ఏ అత్తగారు పెట్టిందని విసిరేసిందో, ఆరు గజాలూ ఇనప రెక్కలకి కుచ్చిళ్ళు పోసినట్టు బిగుసుకుని ఉంటుంది. రొట్టె కోసే రంపపు కత్తితో ముక్కముక్కగా కోసి లాగాలి. జరీ అంచైతే ఇంకో గంట. సౌతాల్ వైపు గ్రాండ్ యూనియన్ కాలువలో కొబ్బరికాయలు కూడా తేలుతూ వస్తాయి. గంగ దూరమైనవాళ్ళకి గ్రాండ్ యూనియనే గంగ. పుణ్యం ఒకరిది, కత్తి పట్టినవాడు ఇంకొకడు. అంతా అయ్యాక మూత సరిగ్గా బిగించడం మరిస్తే, ఇంజను తిప్పగానే కాలువ లోపలికొస్తుంది.

ఇంత చాకిరీ చేసే ఆ జనం చెడ్డవాళ్ళేం కాదు. తాడు విసిరితే పట్టుకుంటారు, ముక్కూమొహం తెలియనివాడికి లాకు తలుపు తీసిపెడతారు, బొగ్గు అయిపోతే బస్తా అప్పిస్తారు. ప్రభుత్వం చెయ్యాల్సింది వాళ్ళు ఒకరికొకరు చేసుకుంటారు. అందుకే ప్రభుత్వానికి ఇంత నిశ్చింత. 2023లోనే చెప్పేసింది, 2027 నుంచి ట్రస్టుకిచ్చే గ్రాంటు ఏటా 5 శాతం చొప్పున తగ్గిస్తూ పోతామని. కాలువలేమో రెండు వందల ఏళ్ళ పైబడ్డవి, వాటికి నీళ్ళిచ్చే చెరువులూ ముసలివే. 2019 ఆగస్టులో టాడ్‌బ్రుక్ జలాశయం అలుగు కోసుకుపోతే కిందనున్న వేలీ బ్రిడ్జ్ ఊళ్ళో 1,500 మందిని ఖాళీ చేయించారు. 2025 వేసవిలో వానల్లేక ఉత్తరాది జలాశయాలు అడుగంటి, లీడ్స్–లివర్‌పూల్ కాలువలో మైళ్ళకు మైళ్ళు మూసేశారు. కదలకపోతే తప్పనే చట్టం, కదలడానికి నీళ్ళు లేని కాలువ. అలాంటప్పుడు మినహాయింపు ఇస్తారు లెండి, మరీ అంత రాతిగుండెలు కావు. లైసెన్సు రుసుముకి మాత్రం కరువు తగలదు.

బ్రిటన్‌లో కొలువుల్లో ఉండి, అద్దెలు చూసి విసిగి, “ఒక పడవ కొనుక్కుంటే పోలా” అని రాత్రిళ్ళు వీడియోలు చూస్తున్న మన పిల్లలకు ఒక మాట. అమ్మేవాణ్ణి కిటికీ తెరల రంగు అడక్కండి, పడవ పేరు అడక్కండి. రెండే అడగండి: దొడ్డి ఏ రకం, కట్టుకునే చోటు ఉందా? రెండో ప్రశ్నకి ‘లేదు, మీరు స్వేచ్ఛగా తిరగొచ్చు’ అన్నాడంటే మొదటి ప్రశ్నకి జవాబు వినకుండా లేచి వచ్చెయ్యండి.